డాలస్‌లో ఒక లో-పవర్ టీవీ స్టేషన్ అమ్మకానికొచ్చింది, కొనొచ్చా?

ఫ్రిస్కో_రఘు
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నేనూ మా స్నేహితులిద్దరూ కలిసి డాలస్ ఏరియాలో ఒక లో-పవర్ టీవీ స్టేషన్, అంటే కొద్ది దూరమే యాంటెన్నాలకి అందే చిన్న స్టేషన్, కొందామా అని ఊగిసలాడుతున్నాం. ఒక బ్రోకర్ ద్వారా బేరం వచ్చింది. యూహెచ్‌ఎఫ్ ఛానెల్, కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు అక్షరాలు) చివర ఎల్‌డీ అని ఉంది, సీడర్ హిల్‌లో టవర్ మీద అద్దె చోటు, కాగితం మీద 15 కిలోవాట్లు. చెప్పిన రేటు మా వీధిలో ఇల్లు కొనే డబ్బు కన్నా తక్కువ. టీవీ స్టేషన్ అంత చవగ్గా ఎందుకొస్తోందో అదే అర్థం కావట్లేదు.

ఎందుకంటారా, ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చే పెద్దవాళ్ల కోసం. మా అత్తయ్యగారు యూట్యూబ్ పెట్టుకుంటే ఒక ప్రవచనం అయ్యాక ఏదో తెలియని భాషలో వంట వీడియో మొదలవుతుంది. ఆవిడ రిమోట్ బల్ల మీద బోర్లా పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. నంబర్ నొక్కితే తెలుగు రావాలి, అంతే. పొద్దున పంచాంగం, తెలుగు బడి పిల్లల పద్యాలు, లోకల్ కబుర్లు, సాయంత్రం పాత సినిమా. యాడ్స్‌కి బిర్యానీ హోటళ్లు, రియల్టర్లు, ఇమిగ్రేషన్ లాయర్లు ఉండనే ఉన్నారు.

నాకు గ్రీన్‌కార్డు. ఒక ఫ్రెండ్ సిటిజన్, ఇంకొకడు ఇంకా హెచ్1బీ. తలా మూడో వంతు. ఏం చూసుకోవాలి, ఎక్కడ దెబ్బ తింటాం, చెప్పండి.

బే_ఏరియా_పద్మ
రఘుగారూ, నిరుత్సాహపరుస్తున్నానని అనుకోకండి. మీకు తెలిసిన తెలుగిళ్లలో ఎంతమందికి యాంటెన్నా ఉంది? మా ఇంట్లో టీవీ వెనక ఆ గుండ్రటి కనెక్షన్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు.

లా_లక్ష్మి
పద్మగారి ప్రశ్న కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీ ముగ్గురి వాటాల లెక్కకి ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడ ప్రసార లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, ఒప్పుకోదు.

ప్రసార లైసెన్సు విదేశీయుడి చేతిలో ఉండకూడదని 1934 కమ్యూనికేషన్స్ చట్టం 310(బి) సెక్షన్ చెబుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నా ఈ సెక్షన్ దృష్టిలో మీరు విదేశీయులే. ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ట్యాక్స్ కడుతున్నాం కదా అంటే కుదరదు. వ్యక్తిగా లైసెన్సు అసలు పెట్టుకోలేరు. లైసెన్సు కంపెనీ పేరు మీద ఉంటే అందులో విదేశీ వాటా నేరుగా 20 శాతం దాటకూడదు, పై కంపెనీ ద్వారా అయితే 25 శాతం. ఆ 25 దాటాలంటే ముందుగా పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకోవాలి. చిన్న స్టేషన్ కోసం ఆ లాయర్ల ఖర్చు పెట్టుకుంటే స్టేషన్ కన్నా ఫైలే ఖరీదవుతుంది. మీ ముగ్గురిలో ఇద్దరు విదేశీయులు, అంటే మూడింట రెండు వంతులు.

"సిటిజన్ ఫ్రెండ్ పేరు మీద పెట్టి వెనక మేం నడుపుతాం" అనే ఆలోచన వస్తే ఇప్పుడే తీసేయండి. పేరొకరిది, పెత్తనం ఇంకొకరిది అయితే లైసెన్సుకే ఎసరు.

ఒక్క మంచి మాట. మాటల్ని తెర మీద అక్షరాల్లో చూపాలన్న క్యాప్షన్ల బెడద తెలుగు కార్యక్రమాలకి దాదాపు ఉండదు. ఇంగ్లిష్, స్పానిష్ కాని భాషల ప్రోగ్రాములకి ఆ రూల్లో మినహాయింపు ఉంది.

ఫ్రిస్కో_రఘు
అమ్మో. బ్రోకర్ ఈ ముక్క ఎత్తనే లేదు. గ్రీన్‌కార్డుంటే చాలనుకున్నాం.

ఎన్జే_సుబ్బు
బ్రోకర్ ఎందుకు ఎత్తుతాడు తమ్ముడూ, ఆయనకి కమిషన్ కావాలి.

చవకెందుకని అడిగావు కదా, నా కథ విను. నేను సిటిజన్నే, కాబట్టి లక్ష్మిగారు చెప్పిన బాధ నాకు లేదు. 2015లో ఒక చిన్న స్టేషన్‌లో సగం వాటా కొన్నా. ఛానెల్ 44. అప్పుడు అందరి నోటా ఒకటే మాట, ఎఫ్‌సీసీ స్పెక్ట్రం వేలం పెడుతోంది, ఛానెల్ ఉన్నవాళ్లకి కోట్లు వస్తాయని. భూసేకరణ నోటీసు వస్తుందని రోడ్డు పక్కన పొలం కొన్నట్టు కొన్నాను. వేలంలో డబ్బులు ఇచ్చి వెనక్కి తీసుకున్నది ఫుల్ పవర్ వాళ్ల దగ్గరా, క్లాస్-ఏ (చిన్న స్టేషన్లలోనే రక్షణ హోదా ఉన్న) వాళ్ల దగ్గరా మాత్రమే. 2017లో లెక్క తేలేసరికి 175 స్టేషన్లకి వెయ్యి కోట్ల డాలర్ల పైన ముట్టింది. మా బోటి వాళ్లకి సున్నా. పైగా 38 నుంచి 51 దాకా ఛానెళ్లన్నీ ఫోన్ కంపెనీలకి వెళ్లిపోయాయి. నాది 44.

ఒకరోజు ఫోన్ కంపెనీ నుంచి కవరొచ్చింది, 120 రోజుల్లో ఖాళీ చేయమని. కోర్టుకెళ్దామన్నా. లాయర్ నవ్వాడు. మీది సెకండరీ లైసెన్సు, పెద్దాయన వస్తే లేచి కుర్చీ ఇవ్వాలి, అది మొదట్నుంచీ మీ కాగితంలోనే ఉంది అన్నాడు. తీసి చూస్తే నిజమే, ఉంది.

ఇక నా ఖర్మ. 2018లో కాంగ్రెస్ చిన్న స్టేషన్లకీ ఖర్చులు తిరిగివ్వమని 15 కోట్ల డాలర్లు కేటాయించింది. షరతేంటంటే, 2017 ఏప్రిల్ 13కి ముందు 12 నెలల్లో కనీసం 9 నెలలు స్టేషన్ గాల్లో ఉండాలి. టవర్ ఓనరుకీ మా పార్ట్‌నర్‌కీ అద్దె దగ్గర మాటామాటా పెరిగి ఆ ఏడాదిలోనే ఐదు నెలలు ఆపేశాం. ఏడే నెలలు. ఛానెల్ 44కి ట్యూన్ చేసి కొన్న ఫిల్టరు ఇప్పటికీ మా బేస్‌మెంట్‌లో ఉంది. మా ఆవిడ దాని మీద ఆవకాయ జాడీ పెడుతుంది.

పాత_ఇంజినీర్
సుబ్బుగారి ఫిల్టరు గురించి విన్నాక నా మాట చప్పగా ఉండొచ్చు. నేను హ్యూస్టన్‌లో ఉంటాను, ఆర్‌ఎఫ్ పని, అంటే రేడియో సిగ్నళ్ల పని.

రఘుగారూ, 15 కిలోవాట్లు అన్నారు, అది డిజిటల్ యూహెచ్‌ఎఫ్ లో-పవర్‌కి గరిష్ఠ పరిమితి. తక్కువ ఫ్రీక్వెన్సీ వీహెచ్‌ఎఫ్ అయితే 3 మాత్రమే. అది కూడా ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే పవర్ కాదు, యాంటెన్నా ఒక దిక్కుగా కూడబెట్టి పంపేది. ట్రాన్స్‌మిటర్ 1 కిలోవాట్ వదిలితే, పైకెక్కే కేబుల్లో 400 వాట్లు వేడిగా పోయి 600 మిగిలితే, యాంటెన్నా దాన్ని 25 రెట్లు చేస్తే కాగితం మీద 15 కిలోవాట్లు. అదే ఊళ్లో ఫుల్ పవర్ యూహెచ్‌ఎఫ్ వాడికి 1000 కిలోవాట్ల దాకా అనుమతి.

ఇప్పుడు మీ ఊరి సంగతి. సీడర్ హిల్ డాలస్‌కి నైరుతి. మీ తెలుగువాళ్లంతా ఫ్రిస్కో, ప్లేనో వైపు. గీత గీస్తే సుమారు 40 మైళ్లు. ఆ దూరంలో 15 కిలోవాట్లు గది లోపల పెట్టే అట్టముక్క యాంటెన్నాకి అందుతుందని నేను రాసివ్వను. టవర్‌కి దగ్గర్లో ఉన్న అర్వింగ్‌లో వస్తుంది. అనలాగ్ రోజుల్లో అయితే చుక్కలు చుక్కలుగానైనా బొమ్మ కనపడేది, మనిషి ఎవరో పోల్చుకునేవాళ్లం. డిజిటల్‌లో వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే నల్ల తెర. మధ్యలో మిగిలేది గళ్లు గళ్లుగా విరిగిన ముఖం.

డైరెక్షనల్ యాంటెన్నా అయితే ఏ దిక్కుకి ఎంత వెళ్తుందో లైసెన్సులోనే గీసి ఉంటుంది. ఎఫ్‌సీసీ వాళ్ల ఎల్‌ఎంఎస్ సైట్లో కాల్‌సైన్ కొడితే ఎవరికైనా కనిపిస్తుంది, ఉచితం. అక్కడే ఇంకోటి చూడండి, స్టేషన్ ఎన్నిసార్లు సైలెంట్ అని రాసుకుందో. వరుసగా 12 నెలలు ప్రసారం ఆపితే లైసెన్సు దానంతటదే చచ్చిపోతుంది. అందుకే కొందరు ఏడాదికోసారి నాలుగు రోజులు వెలిగించి మళ్లీ ఆర్పుతుంటారు. మీకొచ్చిన బేరం అలాంటిదైతే కొనేది స్టేషన్ కాదు, సెలైన్ మీద ఉన్న పేషెంట్‌ని.

దూరదర్శన్_బాబాయ్
రఘూ, లో-పవర్ అనగానే పాత రోజులు గుర్తొచ్చాయి నాయనా. దూరదర్శన్‌లో మేం ఎల్‌పీటీ, అంటే లో-పవర్ ట్రాన్స్‌మిటర్ అనేవాళ్లం. 100 వాట్లు. మీ 15 కిలోవాట్లు మాకు కుంభకర్ణుడి భోజనం. 1984లో దేశమంతా దాదాపు రోజుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయారు. ఇన్సాట్-1బి నుంచి డిష్‌తో ఢిల్లీ సిగ్నల్ లాగి, చిన్న టవర్ మీంచి పదిహేను, ఇరవై కిలోమీటర్ల మేర వదిలేవాళ్లం. రెండు గదులు, ఒక డీజిల్ జనరేటరు, ఒక గడియారం. కరెంటు పోతే జనరేటర్ హ్యాండిల్ తిప్పడానికి నేను పరిగెత్తేలోపు వాచ్‌మన్ పరిగెత్తేవాడు, అది ఆదివారం సినిమా టైమైతే ఊళ్లోవాళ్లు కాంపౌండ్ గోడ దగ్గరికి వచ్చేసేవాళ్లు.

తమాషా ఏంటంటే, ఊళ్లో టవరుంది, ఊరి మాట మాత్రం అందులో రాదు. మాది రిలే మాత్రమే. పక్క వీధిలో తిరణాళ్లు జరుగుతుంటే మేం ఢిల్లీ వాళ్ల కృషి సమాచారం వదిలేవాళ్లం. పైనుంచి వచ్చింది కిందికి పంపడమే. 2022 నాటికి ఆ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ కట్టేశారు. మా ఊరి టవరు కింద ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు.

సొంత మాట చెప్పిన లో-పవర్ టీవీ కూడా మన దేశంలో లేకపోలేదు. గుజరాత్ ఖేడా జిల్లాలో పిజ్ అని ఊరు. 1975లో అక్కడ 1 కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ పెట్టి ఇస్రో వాళ్లు పల్లెటూళ్ల కోసం, పల్లెటూళ్ల వాళ్లనే కెమెరా ముందు పెట్టి కార్యక్రమాలు చేశారు. కూలి రేట్లు, పాల డెయిరీ, అంటరానితనం, అన్నీ. 1985లో ఆపేశారు. అది నిలబడి ఉంటే మన దగ్గరా జిల్లాకొకటి వచ్చేదేమోనని నా కొద్దిపాటి బాధ.

ఖమ్మం_కేబులోడు
బాబాయ్ గారూ, జిల్లాకొకటి రాలేదని ఎవరన్నరు? మేం లేమా? గాలిల కాదు, తీగెల మీద. మన దేశంల ప్రైవేటోళ్లకు గాలిల టీవీ వదిలే పర్మిషనే లేకపాయె, రేడియోకే ఇచ్చిన్రు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లనే సుప్రీంకోర్టు చెప్పింది గానీ టీవీ మటుకు అట్లనే ఉండిపాయె. కమ్యూనిటీ రేడియో అయితే జహీరాబాద్ దిక్కు మాచ్‌నూర్‌ల 2008 నుంచి ఆడోళ్లే నడుపుతున్నరు, సంఘం రేడియో.

రఘన్నా, లోకల్ ఛానెల్ పదహారేండ్ల సంది నడుపుతున్న, ఒక మాట ఇనుండ్రి. జనం సినిమా కోసం మన ఛానెల్ పెట్టరు. సినిమా ఎక్కడైనా దొరుకుతది. గణేష్ నిమజ్జనం లైవ్‌ల వాళ్ల పోరడు డ్యాన్స్ చేసేది కనబడుతదని పెడ్తరు. ముగ్గుల పోటీ, ఇంటర్ ర్యాంకులు, చనిపోయినోళ్ల ఫొటో దశదినకర్మ తారీఖుతోటి. ఈ చివరిదానికే ఎక్కువ ఫోన్లొస్తయి. ఒక్కసారి తారీఖు తప్పు పడితే, ఇగ ఆ ఇంటోళ్ల ముఖం సూడలేం.

మాకూ రూల్స్ బిగిసినయి. 2022 నవంబర్ల కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది. మా అసొంటి ఛానెళ్లను ప్లాట్‌ఫాం సర్వీస్ అంటరు. ఛానెల్‌కి వెయ్యి రూపాయలు ఫీజు, లోకల్ వార్తలు ఏయాలంటే ఎంఎస్‌వో (మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ ఆపరేటర్) కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలె, తెర మీద ప్లాట్‌ఫాం సర్వీస్ అని రాయాలె, 90 రోజుల రికార్డింగు దాసిపెట్టాలె. ఆ హార్డ్ డిస్కులు పెట్టనీకి మా ఇంట్ల బీరువా ఒకటి ఖాళీ చేసిన.

బే_ఏరియా_పద్మ
చనిపోయినవాళ్ల ఫొటోకి ఫోన్లు వస్తాయన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా నాన్నగారిది మా ఊరి కేబుల్లో వేశారట, నేను ఇక్కడుండి వాట్సాప్‌లో టీవీని ఫోన్‌తో తీసిన ఫొటో చూశాను.

సరే, నా మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. యాంటెన్నా లేనివాళ్లకి కేబుల్లోనైనా ఈ స్టేషన్ వస్తుందా?

లా_లక్ష్మి
సాధారణంగా రాదు. ఫుల్ పవర్ స్టేషన్‌ని కేబుల్ వాళ్లు మోయక తప్పదు, లో-పవర్‌కి ఆ హక్కు చాలా కొద్ది సందర్భాల్లో తప్ప లేదు. శాటిలైట్‌లో అసలు లేదు. చవకకి ఇదొక కారణం.

క్లాస్-ఏ హోదా ఉంటే సుబ్బుగారిలా లేచి కుర్చీ ఇవ్వక్కర్లేదు. దానికి రోజుకి 18 గంటల ప్రసారం, వారానికి సగటున 3 గంటల స్థానిక కార్యక్రమాలు ఉండాలి. 2023 జనవరిలో కొత్త చట్టం వచ్చి ఇంకొందరికి ఆ అవకాశం ఇచ్చింది గానీ, 95 వేల టీవీ ఇళ్లకి మించని చిన్న మార్కెట్లకే. డాలస్ ఎక్కడ, ఆ లెక్క ఎక్కడ. దరఖాస్తు గడువు కూడా 2025 మే నెలతో అయిపోయింది.

ఎన్జే_సుబ్బు
మరి ఇన్ని లోపాలుంటే వందల స్టేషన్లు ఎవరు కొంటున్నారంటారా? ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. లో-పవర్‌కి ఒక మనిషి ఇన్నే కొనాలన్న పరిమితి లేదు. ఫుల్ పవర్ వాళ్లకి దేశంలో 39 శాతం ఇళ్లు దాటకూడదని గీత ఉంది, మనకి ఆ గీత లేదు. హెచ్‌సీ2 అనే కంపెనీ, ఇప్పుడు ఇన్నోవేట్ అంటున్నారు, 2017 నుంచి గుత్తగా కొని రెండు వందలకి పైగా పోగేసింది. చర్చి నెట్‌వర్కులకీ బోలెడున్నాయి. వాళ్లకి ఒక్కో స్టేషన్ ఒక్కో ఇటుక. అన్నీ కలిపి ఒక నెట్‌వర్కుకి అద్దెకిస్తారు. నీకూ నాకూ ఉన్నది ఒకే ఇటుక. దాంతో ఇల్లు కట్టలేం, కాలి మీద పడితే నొప్పి మాత్రం పూర్తిగా తెలుస్తుంది.

పాత_ఇంజినీర్
సుబ్బుగారి మాటకి కొనసాగింపు. కొనకండి, అద్దెకి తీసుకోండి.

ఒక్క స్టేషన్‌లో సెకనుకి 19.39 మెగాబిట్ల చోటుంటుంది. దాన్ని ఆరేడు సబ్‌ఛానెళ్లుగా కోస్తారు. 22.1, 22.2, 22.3 అని మీరు చూసేది అదే. ఏదో ఒక ముక్క ఎప్పుడూ ఖాళీగానో, నగల టెలీషాపింగ్‌తోనో నడుస్తుంటుంది. ఒక సబ్‌ఛానెల్ నెలకో, లేదా శనివారం పొద్దున రెండు గంటలో అద్దెకడగండి. టవర్ అద్దె, కరెంటు బిల్లు, ట్రాన్స్‌మిటర్‌లో కాలిపోయే పాలెట్లు (పవర్ పెంచే బోర్డులు), ఎమర్జెన్సీ అలర్ట్ డబ్బా, అన్నీ ఓనర్ నెత్తిన. లైసెన్సీ చేతిలో పెత్తనం ఉన్నంతవరకూ మీ గ్రీన్‌కార్డు అడ్డు రాదనుకుంటా, లక్ష్మిగారు చెప్పాలి.

లా_లక్ష్మి
రాదు. టైం కొనుక్కోవడం వేరు, లైసెన్సు పెట్టుకోవడం వేరు. ఏది వెయ్యాలో, ఏది వద్దో అనే చివరి మాట లైసెన్సీదే అని అగ్రిమెంట్లో ఉండాలి, నిజంగా అలాగే జరగాలి కూడా. హెచ్1బీ ఫ్రెండ్ అందులో జీతానికో, జీతం లేకుండానో పని చెయ్యడం గురించి వీసా లాయర్ని విడిగా అడగండి. అది ఎఫ్‌సీసీ గొడవ కాదు, అంతకన్నా పెద్దది.

సాయంత్రం పాత సినిమా అన్నారు. ఆ సినిమా అమెరికా టీవీ హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేలకుండా వెయ్యకండి. "అందరూ వేస్తున్నారు కదా" అనేది మా ఆఫీసులో రోజూ వినే మాట.

ఖమ్మం_కేబులోడు
సినిమా హక్కుల మాట ఎత్తకుండ్రి మేడం, నోటీసులు చూసి చూసి కండ్లు పోయినయి 😄

ఫ్రిస్కో_రఘు
మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించండి.

ముందు ఎల్‌ఎంఎస్‌లో చూశాం. ఇంజినీర్ గారు అన్నట్టే ఆ స్టేషన్ నాలుగేళ్లలో మూడుసార్లు సైలెంట్. ఒకసారి పదకొండో నెలలో లేచింది. యాంటెన్నా ప్యాటర్న్ చూస్తే ఉత్తరం వైపు, అంటే సరిగ్గా మా వైపు, పవర్ నొక్కేసి ఉంది. అటు ఇంకో స్టేషన్‌కి అడ్డం రాకూడదనట. బ్రోకర్‌ని అడిగితే "రిసీవబిలిటీ ఈజ్ సబ్జెక్టివ్" అన్నాడు.

తర్వాత ఇంకో పని చేశాం. పాతిక డాలర్ల యాంటెన్నా ఒకటి, పాత టీవీ ఒకటి కారులో వేసుకుని రెండు శనివారాలు తెలిసినవాళ్ల ఇళ్లకి తిరిగాం. ప్రతి ఇంట్లో కిటికీకి అంటించి స్కాన్. పదకొండు ఇళ్లు. అర్వింగ్‌లో నాలుగింటికి నాలుగూ వచ్చింది, ఒకచోట యాంటెన్నా సోఫా మీద పడేసినా వచ్చింది. ప్లేనోలో మూడిళ్లలో ఒకటి, అదీ మేడ మీద దక్షిణం కిటికీలో. ఫ్రిస్కోలో నాలుగు ఇళ్లకి సున్నా. మా ఇల్లు అందులో ఒకటి.

కాబట్టి కొనడం లేదు. అర్వింగ్‌లో బాగా వచ్చే వేరే స్టేషన్ ఓనర్‌తో మాట్లాడి, ఒక సబ్‌ఛానెల్లో శనివారం పొద్దున 8 నుంచి 10 దాకా అద్దెకి అడిగాం. మూడు నెలలు ట్రయల్. సిటిజన్ ఫ్రెండ్ పేరు మీద అగ్రిమెంటు, లక్ష్మిగారు చెప్పిన వాక్యం అందులో ఉంది. సినిమా లేదు. పిల్లల పద్యాలు, పంచాంగం, గుడి కబుర్లు, కేబులన్న చెప్పినట్టు పెళ్లి, పుట్టినరోజు, శ్రద్ధాంజలి ఫొటోలు. ఫ్రిస్కోవాళ్లకి అదే యూట్యూబ్‌లో పెడతాం, పద్మగారు నవ్వినా సరే.

ఆ స్కాన్ చేసిన టీవీ ఇంటికి తెచ్చి హాల్లో పెట్టా. మా దగ్గర తెలుగు రాదు గానీ ఫుల్ పవర్ వాళ్లవి వస్తాయిగా. మా అత్తయ్యగారికి వాటిల్లో వియత్నాం వాళ్ల ఛానెల్ ఏదో దొరికింది. రోజూ పదకొండింటికి ఆవిడెవరో చేపల పులుసు లాంటిది చేస్తోంది. భాష అక్కర్లేదట. చింతపండు ఎప్పుడు వేస్తుందో చూస్తున్నారు.

బే_ఏరియా_పద్మ
నవ్వడం లేదు. అర్వింగ్‌లో మా పిన్ని ఉంది, ఆవిడకి యాంటెన్నా ఏది కొనాలో లింక్ పెట్టండి.

ఫ్రిస్కో_రఘు
పెడతానండీ. కేబులన్నా, ఒక డౌటు. కింద స్క్రోలింగ్ యాడ్ ఉంటుంది కదా, దానికి రేటెలా కడతారు? అక్షరాల లెక్కనా?

ఖమ్మం_కేబులోడు
అక్షరాలు లెక్కపెడితే పెన్షన్ వచ్చేదాక లెక్కపెట్టాలె తమ్మీ. రోజు లెక్కన. పండుగ రోజులకి డబల్. శ్రద్ధాంజలికి మాత్రం పైసలు తీసుకోకు, వాళ్లే తర్వాత షాపు యాడ్ తెచ్చిస్తరు. ఇంకోటి, తారీఖు ఇద్దరు చదివినంకనే వెయ్యి.